మోటారు సైకిల్ ఇంజిన్‌లోకి ఒత్తిడి గాలి: ఒక కొలత చుట్టూ తిరిగిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపడం అంటే ఏమిటో, దాని వల్ల శక్తి ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు.
- 1930 దశకంలో సూపర్‌ఛార్జర్ మోటారు సైకిళ్లు సాధించిన విజయాలను, 1946 నాటి నిషేధాన్ని, ఆ నిషేధం ఫలితాలను చర్చించగలుగుతారు.
- చిన్న ఇంజిన్‌కు టర్బోఛార్జర్ అమర్చడంలో ఉన్న ఇబ్బందులను లెక్కలతో చూపగలుగుతారు.
- చట్టం ఎంచుకున్న కొలత యంత్రం రూపాన్ని ఎలా మారుస్తుందో ఉదాహరణలతో రాయగలుగుతారు.

1. పరిచయం

మోటారు సైకిల్ కొనడానికి వెళ్లినవారు ధర తరువాత అడిగే ప్రశ్న "ఎన్ని సి.సి.?" అని. సి.సి. అంటే ఘన సెంటీమీటరు. సిలిండర్‌లో పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలినప్పుడు ఎంత జాగాను ఊడ్చుకుపోతుందో ఆ పరిమాణమే సి.సి. వాడుకలో మాత్రం మనం దాన్ని బండి బలానికి కొలతగా తీసుకుంటాం. చట్టాలు కూడా చాలాచోట్ల ఆ పనే చేశాయి. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 16 ఏళ్లు నిండినవారిని 50 సి.సి. మించని మోటారు సైకిల్ నడపనిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. రేట్ల ప్రకారం 350 సి.సి. వరకు ఉన్న మోటారు సైకిళ్లకు 18 శాతం, అది దాటితే 40 శాతం పన్ను పడుతుంది.

అయితే సి.సి. కొలిచేది జాగాను మాత్రమే. ఆ జాగాలోకి ఎంత గాలి చేరిందన్నది అది చెప్పదు. ఇంజిన్ శక్తి ఆధారపడేది జాగా మీద కాదు, అందులో చేరిన గాలి మీద. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ పాఠంలోని చరిత్రకు మూలం. గాలిని నొక్కి నింపే పరికరాల కథను సాధారణంగా వేగం కథగా చెబుతారు. ఈ పాఠంలో దాన్ని ఒక కొలత కథగా చదువుదాం. సి.సి. తో గీత గీసిన ప్రతిచోటా ఆ గీతకు లోబడే ఎక్కువ శక్తి రాబట్టే దారిని ఇంజినీర్లు వెతికారు. నిబంధనలు రాసినవారు దానికి మళ్లీ సమాధానం చెప్పారు.

2. ఇంజిన్ శ్వాస

సాధారణ ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం గాలిని లోపలికి తోస్తుంది. సముద్ర మట్టం వద్ద ఆ పీడనం సుమారు 1 బార్. అంటే ఇంజిన్ ఎంత మంచిదైనా, పీల్చుకునే గాలికి ప్రకృతి పెట్టిన హద్దు ఒకటి ఉంటుంది. పెట్రోల్ ఎంతైనా పోయవచ్చు, కాని దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేకపోతే అది పొగగా బయటికి పోతుంది.

ఈ హద్దు దాటాలంటే గాలిని ముందుగానే నొక్కి పంపాలి. దానికి రెండు మార్గాలున్నాయి. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచే గేర్లు, గొలుసు లేదా బెల్టుతో తిప్పే పంపును సూపర్‌ఛార్జర్ అంటారు. సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువులతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని నొక్కితే అది టర్బోఛార్జర్. మొదటిది ఇంజిన్ శక్తిలో కొంత తానే తింటుంది. రెండోది వృథాగా పోయే శక్తిని వాడుకుంటుంది, కాని వాయువుల వేగం పుంజుకునే వరకు పని మొదలుపెట్టదు. యాక్సిలరేటర్ తిప్పిన క్షణానికీ శక్తి అందే క్షణానికీ మధ్య వచ్చే ఈ ఆలస్యాన్నే టర్బో ల్యాగ్ అంటారు.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ ట్యూబులో గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. 27 డిగ్రీల గాలిని 1 బార్ నుంచి 1.5 బార్‌కు నొక్కామనుకుందాం. పంపు సామర్థ్యం 70 శాతం ఉంటే గాలి సుమారు 80 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కనుక పీడనం 50 శాతం పెరిగినా సాంద్రత 27 శాతమే పెరుగుతుంది. మిగిలిన లాభం దక్కాలంటే గాలిని దారిలో చల్లబరచాలి. అందుకు వాడే పరికరమే ఇంటర్‌కూలర్. చల్లబరచకపోతే వేడి మిశ్రమం తనంతట తానే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీస్తుంది. మెకానిక్‌లు దీన్నే ఇంజిన్ నాక్ కొట్టడం అంటారు. ఈ పాఠంలో ముందు ముందు ఎదురయ్యే వైఫల్యాలలో చాలావాటి వెనుక ఈ వేడి ఉంది.

3. తొలి అడుగులు

ఈ ఆలోచన ఇంజిన్ అంత పాతది. స్కాట్లాండుకు చెందిన డ్యుగల్డ్ క్లెర్క్ 1881లో పేటెంట్ పొందిన టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో గాలిని పంపడానికి వేరే పంపు సిలిండర్ ఉండేది. 1905లో స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూఖి, వదిలే వాయువులతో గాలిని నొక్కే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నేటి టర్బోఛార్జర్‌కు మూలం అదే.

ఆలోచనకు అవసరం తోడైంది మొదటి ప్రపంచ యుద్ధంలో. విమానం పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో అమెరికా ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం మీద, 14,000 అడుగులకు పైన, లిబర్టీ విమాన ఇంజిన్‌ను పరీక్షించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ ఆ ఎత్తున 230 మాత్రమే ఇచ్చింది. టర్బోఛార్జర్ అమర్చాక 356 ఇచ్చింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. విమానంలో ఈ పరికరం పోగొట్టుకున్న గాలిని తిరిగి సంపాదించడానికి వచ్చింది. మోటారు సైకిల్‌లోకి వచ్చింది మాత్రం నేల మీద దొరికే గాలి చాలక. ఎందుకు చాలలేదు అన్న ప్రశ్నకు సమాధానం పందెపు నిబంధనలలో ఉంది.

4. 1930 దశకం: 250, 350, 500 అనే గీతలు

ఐరోపాలో మోటారు సైకిల్ పందాలను సి.సి. ప్రకారం తరగతులుగా విభజించారు. 250, 350, 500 ముఖ్యమైన తరగతులు. బ్రిటన్ తయారీదారులు, ముఖ్యంగా నార్టన్, ఒకే సిలిండర్ ఉన్న సాదా ఇంజిన్‌ను ఏటేటా మెరుగుపరుస్తూ గెలుస్తూ వచ్చారు. జర్మనీ, ఇటలీ తయారీదారులు వేరే దారి పట్టారు. జాగా పెంచే వీలు లేదు కనుక పీడనం పెంచారు. నిబంధన పీడనాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చిన్న తరగతిలో దీనికి మేటి ఉదాహరణ డి.కె.డబ్ల్యు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, చోపావ్ అనే చిన్న పట్టణంలో దాని కర్మాగారం ఉండేది. దాని 250 సి.సి. పందెపు బండి టూ-స్ట్రోక్ ఇంజిన్‌తో నడిచేది. రెండు పిస్టన్లు ఒకే దహన గదిని పంచుకునేవి. మిశ్రమాన్ని నొక్కి పంపడానికి అదనంగా ఒక పంపు పిస్టన్ ఉండేది. ఆ బండి పెట్రోలును విపరీతంగా తాగేది, చెవులు చిల్లులు పడేలా అరిచేది. 1938లో ఐల్ ఆఫ్ మాన్ టి.టి. లైట్‌వెయిట్ పందెంలో ఎవాల్డ్ క్లూగె దాని మీద గెలిచాడు. రెండో స్థానంలో వచ్చినవాడు 11 నిమిషాలకు పైగా వెనుకబడ్డాడు. టి.టి. గెలిచిన మొదటి జర్మన్ అతడే.

మరుసటి ఏడాది 500 సి.సి. వంతు. బి.ఎం.డబ్ల్యు. ఇంజిన్ ముందు భాగాన, క్రాంక్‌షాఫ్ట్ కొసకే సూపర్‌ఛార్జర్ బిగించి ఉండేది. 1939 సీనియర్ టి.టి.లో గెయోర్గ్ మయర్ దాని మీద గెలిచాడు, అదే బండి మీద జాక్ వెస్ట్ రెండో స్థానం పొందాడు. ఆ ఏడాది 500 సి.సి. ఐరోపా ఛాంపియన్ ఇటలీకి చెందిన డోరినో సెరఫీని. అతడి బండి నాలుగు సిలిండర్లు, నీటి చల్లదనం, సూపర్‌ఛార్జర్ ఉన్న గిలేరా. బ్రిటన్ కూడా మేలుకుంది. ఎ.జె.ఎస్. సంస్థ సూపర్‌ఛార్జర్ ఉన్న నాలుగు సిలిండర్ల బండిని పందెంలోకి దించింది. వెలోసెట్ 'రోరర్' అనే రెండు సిలిండర్ల బండిని 1939 టి.టి. సాధనలో తిప్పి చూసింది. కాని అది పందెంలో దిగకముందే యుద్ధం వచ్చింది.

వేగం రికార్డులలోనూ ఇదే వరస. 1937 నవంబరు 28న ఎర్న్‌స్ట్ హెన్నె సూపర్‌ఛార్జర్ బిగించిన 500 సి.సి. బి.ఎం.డబ్ల్యు. మీద గంటకు 279.5 కి.మీ. వేగం అందుకున్నాడు. ఆ రికార్డు 1951 వరకు చెక్కుచెదరలేదు.

5. 1946: ఒక వాక్యంతో వచ్చిన మలుపు

యుద్ధం ముగిశాక 1946లో అంతర్జాతీయ మోటారు సైకిల్ సమాఖ్య పందాలలో సూపర్‌ఛార్జర్‌ను నిషేధించింది. 1949లో మొదలైన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఈ నిషేధంతోనే మొదలైంది.

దీనికి కారణాలేమిటి? ఆనాటి పరిస్థితులను పక్కపక్కన పెట్టి చూడాలి. యుద్ధానంతర ఐరోపాలో మంచి పెట్రోల్ లేదు. బ్రిటన్‌లో దొరికినది తక్కువ ఆక్టేన్ పెట్రోల్. నొక్కిన వేడి గాలికి అలాంటి ఇంధనం తోడైతే ఇంజిన్ నాక్ కొట్టడం ఖాయం. డబ్బుకు కొరత ఉంది. బండ్ల వేగం ఆనాటి టైర్లు, బ్రేకులు తట్టుకునే స్థాయిని దాటుతోంది. ఇవన్నీ సాంకేతిక, ఆర్థిక కారణాలు. వీటి పక్కనే మరో వాస్తవం ఉంది. సూపర్‌ఛార్జర్‌లో ముందున్న దేశం జర్మనీ. నిర్ణయం జరిగినప్పుడు ఓడిపోయిన జర్మనీకి ఆ సమాఖ్యలో చోటు లేదు. జర్మన్లు 1950 వరకు తమ దేశంలో జరిగే పందాలలో సూపర్‌ఛార్జర్ బండ్లనే నడిపారు. నిబంధన ఎవరికి లాభించింది అన్న దాన్ని బట్టే నిబంధన ఉద్దేశాన్ని తేల్చలేం. కాని ఆ గదిలో ఎవరు లేరు అన్నది చరిత్ర విద్యార్థి తప్పక అడగవలసిన ప్రశ్న.

నిషేధం తప్ప వేరే దారి లేదా? ఉంది. అదే కాలంలో కార్ల పందాలు దాన్ని అనుసరించాయి. 1938 గ్రాండ్ ప్రి నిబంధనల ప్రకారం సూపర్‌ఛార్జర్ ఉన్న కారుకు 3 లీటర్లు, లేని కారుకు 4.5 లీటర్లు పరిమితి. యుద్ధం తరువాత దాన్ని 1.5 లీటర్లకు 4.5 లీటర్లుగా మార్చారు. అంటే కార్లవారు కొలతను సవరించారు, మోటారు సైకిళ్లవారు పరికరాన్ని తొలగించారు. నిష్పత్తి సరిగా కుదరకపోతే మార్చుకోవచ్చు, నిషేధంలో ఆ వెసులుబాటు లేదు. 1977లో రెనో సంస్థ 1.5 లీటర్ల టర్బో ఇంజిన్‌తో ఫార్ములా వన్‌లోకి రాగలిగిందంటే, నిబంధనల పుస్తకంలో అలాంటి నిష్పత్తి ఉండడమే కారణం. మోటారు సైకిల్‌కు అలాంటి తలుపు లేదు.

నిషేధం నష్టం ఎవరికి తగిలిందో చూడడానికి ఎ.జె.ఎస్. 'పోర్క్యుపైన్' మంచి ఉదాహరణ. సూపర్‌ఛార్జర్ కోసమే గీసిన ఇంజిన్ అది. తలభాగానికి చల్లగాలి బాగా తగలాలని సిలిండర్లను దాదాపు అడ్డంగా పడుకోబెట్టారు. తీరా నిషేధం వచ్చాక సూపర్‌ఛార్జర్ లేకుండానే దాన్ని నడపవలసి వచ్చింది. అయినా 1949లో లెస్ గ్రాహం దాని మీదే మొదటి 500 సి.సి. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నిబంధన మారితే యంత్రం రూపం వెంటనే మారదు. పాత నిబంధన దాని ఎముకలలో మిగిలే ఉంటుంది.

6. పంపు లేకుండా పీడనం

గాలిని నొక్కి నింపకూడదన్నారు. సరే, ఎక్కువసార్లు పీల్చుకుంటే? ఇది మొదటి సమాధానం. సిలిండర్లు చిన్నవి చేసి, సంఖ్య పెంచి, వేగంగా తిప్పడం. యుద్ధం తరువాత గిలేరా సూపర్‌ఛార్జర్ లేని నాలుగు సిలిండర్ల కొత్త ఇంజిన్ చేసి 1950, 1957 మధ్య ఆరు ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 1960 దశకంలో హోండా 250 సి.సి.ని ఆరు సిలిండర్లుగా, 125 సి.సి.ని అయిదు సిలిండర్లుగా విడదీసింది. ఆ ఆరు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది.

రెండో సమాధానం మరింత ఆసక్తికరమైనది. అది పుట్టిన ఊరు మళ్లీ చోపావే. డి.కె.డబ్ల్యు. పాత కర్మాగారం ఇప్పుడు తూర్పు జర్మనీలో, ఎం.జెడ్. పేరుతో నడుస్తోంది. 1953 నుంచి అక్కడి పందెపు విభాగాన్ని నడిపిన ఇంజినీర్ వాల్టర్ కాడెన్. పాత బండిలో ఉన్న అదనపు పంపు పిస్టన్ ఇప్పుడు నిషిద్ధం. డబ్బు, సామగ్రి కూడా తక్కువే. కాడెన్ దృష్టి సైలెన్సర్ గొట్టం మీద పడింది.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో కాలిన వాయువులు బయటికి పోయే రంధ్రమూ, తాజా మిశ్రమం లోపలికి వచ్చే రంధ్రమూ కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. అందువల్ల తాజా మిశ్రమంలో కొంత కాలకుండానే బయటికి పోతుంది. వాయువులు బయటికి దూకినప్పుడు గొట్టంలో ఒక పీడన తరంగం పరుగెడుతుంది. గొట్టాన్ని క్రమంగా వెడల్పు చేస్తే ఆ తరంగం నుంచి పీల్చే తరంగం వెనక్కి వచ్చి తాజా మిశ్రమాన్ని మరింతగా లాగుతుంది. ఆ తరువాత గొట్టాన్ని ఇరుకు చేస్తే నెట్టే తరంగం తిరిగి వచ్చి, గొట్టంలోకి జారిపోయిన మిశ్రమాన్ని రంధ్రం మూసుకునే ముందు మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. నిబంధన దృష్టిలో పంపు లేదు. సిలిండర్‌కు మాత్రం నొక్కిన మిశ్రమమే అందింది. 1961 నాటికి కాడెన్ 125 సి.సి. ఇంజిన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకు 200 హార్స్‌పవర్. సూపర్‌ఛార్జర్ లేని ఇంజిన్‌కు అది అంతవరకు ఎవరూ అందుకోని స్థాయి.

అదే ఏడాది సెప్టెంబరులో ఎం.జెడ్. పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం సమయంలో పశ్చిమ దేశాలకు తప్పించుకుపోయాడు. ఆ విద్య అతడితో పాటు సుజుకి సంస్థకు చేరింది. 1962లో సుజుకి 50 సి.సి. ప్రపంచ టైటిల్ గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన మొదటి టూ-స్ట్రోక్ అదే. తరువాత జపాన్ కంపెనీలన్నీ ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి.

ఈ చరిత్ర మన ఇంటి ముందుకూ వచ్చింది. 1985 చివరలో మన దేశంలో విడుదలైన యమహా ఆర్.ఎక్స్.100 ఇంజిన్ 98 సి.సి., శక్తి 11 హార్స్‌పవర్. అదే ఏడాది వచ్చిన ఫోర్-స్ట్రోక్ హీరో హోండా సి.డి.100 ఇంజిన్ 97 సి.సి., శక్తి ఏడు హార్స్‌పవర్ ప్రాంతంలో. సి.సి. దాదాపు ఒకటే, శక్తిలో సుమారు సగం వంతు తేడా. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా ఆ తరం యువకులు దూరం నుంచే గుర్తుపట్టిన ఆ శబ్దం వెనుక చోపావ్ తరంగాల విద్య ఉంది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. తరంగం ఒక వేగం పరిధిలోనే సమయానికి తిరిగివస్తుంది. మిగతా సమయాల్లో మిశ్రమం కాలకుండానే వీధిలోకి పోతుంది. 1996, 2000 సంవత్సరాల ఉద్గార ప్రమాణాలు వచ్చేసరికి టూ-స్ట్రోక్ మోటారు సైకిల్ కాలం చెల్లింది. ఈసారి గీత గీసింది సి.సి. కాదు, పొగ.

7. టర్బో బండ్లు, చిన్న ఇంజిన్ లెక్కలు

పందాలలో మూసిన తలుపు మార్కెట్‌లో తెరిచే ఉంది. 1980 దశకం ఆరంభంలో నాలుగు జపాన్ కంపెనీలూ టర్బో బండ్లు అమ్మాయి. మొదట హోండా సి.ఎక్స్.500 టర్బో, ఆ వెనుక యమహా, సుజుకి, చివరగా కవాసాకి జి.పి.జెడ్.750 టర్బో. సి.ఎక్స్.500 మామూలు బండి 50 హార్స్‌పవర్ ఇస్తే, టర్బో బండి 82 ఇచ్చింది. 1980 దశకం మధ్యకు వచ్చేసరికి అన్నీ ఆగిపోయాయి. బరువు, ధర, టర్బో ల్యాగ్ మూడూ కలిసి కొట్టాయి. మలుపులో వంగి ఉన్న రెండు చక్రాల బండికి శక్తి ఆలస్యంగా, ఒక్కసారిగా అందడం కారులోకన్నా ఎక్కువ ప్రమాదకరం. పైగా అదే ధరకు 900, 1100 సి.సి. మామూలు బండ్లు దొరికేవి. పెద్ద ఇంజిన్ కొనకుండా ఆపే గీత కొనేవాడి ముందు లేనప్పుడు, గీతను దాటే పరికరానికి విలువ తగ్గింది.

మరి 100, 150 సి.సి. బండ్ల సంగతి? ఇక్కడ లెక్క చూడాలి. 100 సి.సి. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే 4,000 సార్లు గాలి పీలుస్తుంది. సిలిండర్ పూర్తిగా నిండినా నిమిషానికి 400 లీటర్లే. 1,000 సి.సి. కారు ఇంజిన్ 5,000 చుట్ల దగ్గరే 2,500 లీటర్లు పీలుస్తుంది. కారు కోసం చేసిన టర్బో చక్రాన్ని తిప్పడానికి చిన్న బండి వాయువులు చాలవు. చక్రాన్ని చిన్నది చేస్తే అంచుల వద్ద గాలి జారిపోయే నిష్పత్తి పెరిగి సామర్థ్యం పడిపోతుంది.

రెండో ఇబ్బంది లయ. ఒకే సిలిండర్ ఉన్న ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది. పంపు మాత్రం ఆపకుండా నొక్కుతూనే ఉంటుంది. మధ్యలో నొక్కిన గాలిని దాచుకునే పెట్టె ఉండాలి. 1938 ప్రాంతంలో మోటో గుజ్జి తన 250 సి.సి. ఒంటి సిలిండర్ బండికి సూపర్‌ఛార్జర్ అమర్చినప్పుడు ఇలాంటి పెట్టెనే పెట్టుకుంది. పెట్టె పెద్దదైతే యాక్సిలరేటర్‌కు స్పందన మందగిస్తుంది, చిన్నదైతే గాలి దడదడలాడుతుంది. మూడో ఇబ్బంది వేడి. గాలితోనే చల్లబడే చిన్న ఇంజిన్ తలభాగం మామూలు శక్తికే హద్దులో ఉంటుంది. అదనపు శక్తితో వచ్చే అదనపు వేడిని పంపించే చోటు దానికి లేదు.

అసాధ్యం అనలేం. 2000 దశకంలో ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ 125 సి.సి. 'జెట్‌ఫోర్స్' స్కూటర్‌ను సూపర్‌ఛార్జర్‌తో అమ్మింది. శక్తి 20 హార్స్‌పవర్. కాని ఐరోపాలో 125 సి.సి. లైసెన్సుకు శక్తి పరిమితి కూడా ఉంది. అది 11 కిలోవాట్లు, అంటే 15 హార్స్‌పవర్. ఆ చట్టం జాగాను, శక్తిని రెండింటినీ కొలిచింది. జాగాలో ఒదిగి శక్తిలో దాటిన బండికి అక్కడ ప్రత్యేక లాభం దక్కలేదు. 2015లో వచ్చిన కవాసాకి నింజా హెచ్2 ఇబ్బందులను పరిష్కరించి చూపింది. అయితే అది 998 సి.సి. బండి. దాని సూపర్‌ఛార్జర్ చక్రం క్రాంక్‌షాఫ్ట్ కన్నా 9.2 రెట్లు వేగంగా తిరుగుతుంది. 2024 నవంబరులో మిలాన్ ప్రదర్శనలో హోండా విద్యుత్తుతో తిరిగే కంప్రెసర్ ఉన్న మూడు సిలిండర్ల ఇంజిన్‌ను చూపింది. విద్యుత్తుతో తిరిగే పంపు వాయువుల కోసం ఎదురుచూడదు కనుక టర్బో ల్యాగ్ సమస్య అక్కడ రాదు.

8. మన దేశంలో గీతలు

భారతీయ కార్ల మార్కెట్‌ను చూస్తే ఈ పాఠం వాదన స్పష్టమవుతుంది. చాలా కాలంగా 4 మీటర్లకు లోపు పొడవు, 1200 సి.సి. మించని ఇంజిన్ ఉన్న పెట్రోల్ కారుకు పన్ను తక్కువ. ఆ గీతకు లోబడి ఎక్కువ శక్తి కావాలి కనుక 1 లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ కార్లు మన రోడ్ల మీద సర్వసాధారణమయ్యాయి. కారులో స్థలం ఉంది, నీటి చల్లదనం ఉంది, మూడు నాలుగు సిలిండర్లు ఉన్నాయి. పన్ను గీత అడిగింది, యంత్రం ఇవ్వగలిగింది. మోటారు సైకిల్‌కు 350 సి.సి. వద్ద గీత ఉన్నా, చిన్న ఒంటి సిలిండర్ ఇంజిన్ ఇవ్వగలిగేది తక్కువ. గీత ఒక్కటే చాలదు, భౌతిక పరిస్థితి కూడా అనుకూలించాలి.

పాత బండికి టర్బో బిగించాలన్న ఉత్సాహం యువతలో కనిపిస్తుంది. ఇది ఇంజినీరింగ్ ప్రశ్న మాత్రమే కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. పిస్టన్, బ్రేకులు, ఫ్రేము అన్నీ ఒక శక్తికి లెక్కగట్టి చేసినవి. శక్తి ఒక్కదాన్నే పెంచితే మిగతావి వెనుకబడతాయి. 1946లో టైర్ల గురించి, బ్రేకుల గురించి పడిన ఆందోళన ఇవాళ్టి వీధిలోనూ అర్థవంతమే.

ఇప్పుడు విద్యుత్ వాహనాలు వచ్చాయి. వాటికి సిలిండర్ లేదు, సి.సి. లేదు. అందుకే వాటి విషయంలో మన నిబంధనలు వేరే కొలత పట్టుకున్నాయి. రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న విద్యుత్ బండికి పరిమితి 250 వాట్ల శక్తి, గంటకు 25 కి.మీ. వేగం. సి.సి. అనే పరోక్ష కొలత పక్కకు తప్పుకుని, శక్తిని నేరుగా కొలిచే పద్ధతి వచ్చింది. కాని దేన్ని కొలిచినా దాన్ని తప్పించుకునే దారి వెతికేవారు ఉంటారు. 250 వాట్ల గీత దగ్గర అలాంటి ప్రయత్నాలు ఎలా ఉంటాయో గమనించే అవకాశం మీ తరానిది.

9. సారాంశం

ఇంజిన్ శక్తి అందులో చేరే గాలిని బట్టి ఉంటుంది. సి.సి. ఆ గాలిని కొలవదు. 1930 దశకంలో ఈ తేడాను సూపర్‌ఛార్జర్ వాడుకుంది. 1946 నిషేధం ఆ దారిని మూసింది. కార్ల పందాలు పాటించిన నిష్పత్తి పద్ధతి అందుబాటులో ఉన్నా మోటారు సైకిల్ సమాఖ్య నిషేధాన్నే ఎంచుకుంది. దాంతో ఇంజినీర్లు సిలిండర్లు, చుట్లు పెంచే దారిని, పీడన తరంగాల దారిని పట్టారు. 1980 దశకపు టర్బో బండ్లు ల్యాగ్, బరువు, ధరల వల్ల నిలవలేదు. చిన్న ఒంటి సిలిండర్ ఇంజిన్‌కు గాలి పరిమాణం, లయ, వేడి అడ్డంకులుగా మిగిలాయి. ఒక యంత్రం కనుమరుగైనప్పుడు అది పనికిరానిదని వెంటనే తీర్మానించకూడదు. దాన్ని ఆపింది ప్రకృతి నియమమా, మనుషులు రాసిన నియమమా, లేక రెండూ కలిసా అని విడదీసి చూడడం సాంకేతిక చరిత్ర విద్యార్థి మొదటి పని.

10. ముఖ్య పదాలు

సూపర్‌ఛార్జర్: క్రాంక్‌షాఫ్ట్ శక్తితో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు.
టర్బోఛార్జర్: ఇంజిన్ వదిలే వాయువులతో తిరిగే కంప్రెసర్.
ఇంటర్‌కూలర్: నొక్కిన గాలిని సిలిండర్‌లోకి వెళ్లేముందు చల్లబరచే పరికరం.
టర్బో ల్యాగ్: యాక్సిలరేటర్ తిప్పినప్పటికీ శక్తి అందడానికీ మధ్య ఆలస్యం.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. 1946 నాటి సూపర్‌ఛార్జర్ నిషేధానికి దారితీసిన పరిస్థితులను చర్చించి, కార్ల పందాల నిబంధనలతో పోల్చండి.
2. నిషేధం తరువాత ఇంజినీర్లు అనుసరించిన రెండు మార్గాలను వివరించండి.

ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. పీడనం 50 శాతం పెరిగినా గాలి సాంద్రత అంతగా పెరగకపోవడానికి కారణమేమిటి?
2. ఒంటి సిలిండర్ ఇంజిన్‌కు సూపర్‌ఛార్జర్ అమర్చేటప్పుడు గాలి పెట్టె ఎందుకు అవసరం?
3. ఆర్.ఎక్స్.100, సి.డి.100 బండ్ల మధ్య శక్తిలో తేడాను ఈ పాఠం ఆధారంగా వివరించండి.